కోటు మీద కొలత

ఛీ, ఆ టేపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత. మిల్లులో మగవాళ్ళందరి చెమటా పీల్చి, నల్లబడి, జిడ్డు కారుతూ ఉండేది. దాన్నే మా వదిన ఛాతీకి చుట్టాడు కాంపౌండరు, అదీ మందపాటి పని కోటు మీద. మగవాళ్ళకైతే చొక్కా విప్పించి కొలిచాడు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మహానుభావుడికి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చి, మొహం గోడవైపు తిప్పుకుని కొలిచాడు.

వదిన అంటే మా అన్నయ్య భార్య, నా ఈడుదే. దూది దులిపే గదిలో పని. ఆ దుమ్ముకి మెట్లెక్కితే చాలు, ఆయాసం. గాలి పీల్చినప్పుడు ఛాతీ సరిగా విచ్చుకోవడం లేదని తేలితే నేనుండే ప్యాకింగుకి మారుస్తారు. లేదంటే మళ్ళీ ఆ దుమ్ములోకే. అందుకే మిల్లు డాక్టరు పరీక్షకి వెంట వెళ్ళాను.

"పీల్చమ్మా... వదులు. తేడా అయిదు సెంటీమీటర్లు."

కోటు మడతలు సాగితే అయిదేం ఖర్మ, పదీ వస్తుంది!

"ఢోకా లేదు," అన్నాడు డాక్టరు, గుండుసూదితో పళ్ళు కుట్టుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. వదినని తెరచాటుకి లాక్కెళ్ళి, కోటు విప్పించి నేనే కొలిచాను. ఒకటి. మళ్ళీ కొలిచినా ఒకటే. బయటికొచ్చి డాక్టరుకి చెప్పాను.

"ఆడవాళ్ళకి కాస్త తక్కువే ఉంటుంది. వయసు మీదపడితే ఇంకా తగ్గుతుంది. మామూలే," అని సూదిని తెరకి తుడిచాడు.

"అయిదొస్తే బాగున్నట్టూ, ఒకటొస్తే ఆడదైనట్టూనా? నేనూ ఆడదాన్నే, నాదీ అదే వయసు. చూడండి!"

నా కోటు విసిరికొట్టి, టేపు నేనే చుట్టుకుని, అంకె కాంపౌండరు కళ్ళముందు పెట్టాను.

"నాలుగున్నర," అని గొణిగాడు.

డాక్టరు సూది మొన వాసన చూసుకున్నాడు. "నిజమే. ఆవిణ్ణి మార్చాల్సిందే."

వదిన మొహం వెలిగింది.

"మరి దూది గదిలో మనిషి కావాలిగా? నీ ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి. ఆవిడ చోటుకి నువ్వెళ్ళు."

నేను నోరు తెరిచేలోగా వదిన కోటు తొడిగేసుకుంది. గుండీలు పెట్టుకుంటూనే దగ్గింది.

"నాకేం లేదు సార్. కోటు మీద కొలిచిందే రాసుకోండి."

"వదినా, నీకేమైనా పిచ్చా!"

"ఊరుకోవే. నీ నాలుగున్నర నీకుండనీ."