ఎర్ర దారం బొత్తాం

ఆ షెడ్డులో జాకీ వాడరు. అక్కడికొచ్చేవన్నీ పాతకాలపు కార్లు, చెబితే వింటాయి. పొద్దున్నే షట్టరెత్తి, టీ తాగి, బానెట్ మీద రెండుసార్లు తట్టి "లేమ్మా" అంటే చాలు, కారు నడుమెత్తు గాల్లోకి లేచి నిలబడుతుంది. కింద గోనెపట్టా పరుచుకుని పని చేసుకోవడమే. ఒకసారి తనిఖీకొచ్చిన ఆఫీసరు గాల్లో ఉన్న మూడు కార్ల కింద నుంచి వంగి వంగి దూరి, గోడకి ఇసుక బకెట్ లేదని రాసుకుని పోయాడు. ఇందులో వింతేముంది? తనకి మేలు చేసే చెయ్యేదో కారుకి తెలుసు, అంతే.

అక్కడ వెల్డింగు చేసేవాణ్ణి అందరూ అతుకులాయన అంటారు. ఆయన వేసిన అతుకు ఎక్కడుందో కళ్లద్దాలు పెట్టుకు వెతికినా దొరకదని మేస్త్రీ మురిసిపోయేవాడు. వచ్చే నెల నుంచి షెడ్డు నీదేనని మాట కూడా ఇచ్చేశాడు.

ఆ రోజు లెక్కల టీచరమ్మ వచ్చింది. బదిలీ మీద ఎక్కడెక్కడో తిరిగి, పన్నెండేళ్లకి మళ్లీ ఆ ఊరొచ్చింది. అదే క్రీమురంగు గుండ్రటి కారు.

"స్పీడ్ బ్రేకర్‌కి పొట్ట గీసుకుపోయింది నాయనా. కాళ్ల కింద మెత్తగా ఊగుతోంది," అంది.

అతుకులాయన తట్టాడు. "లేమ్మా."

కారు కదల్లేదు. మళ్లీ తట్టాడు. ఊహూఁ. పెయింటరు దగ్గాడు. మేస్త్రీ కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తనని మోసం చేసిన చేతికి కారు లేవదని అక్కడ తెలియనివాళ్లెవరు? అందరూ మర్యాదగా చూపు తిప్పుకున్నారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

"చలికి బిగుసుకుపోయుంటుంది," అన్నాడు. బయట ఎండ మాడ్చేస్తోంది.

పక్కవీధి నుంచి జాకీ అరువు తెచ్చి, వెల్లకిలా కిందికి దూరాడు. అడుగురేకు మీద సుత్తితో తట్టుకుంటూ పోయాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. డ్రైవరు సీటు కింద మాత్రం డుబ్బుమంది. గీకితే నల్లరంగు లేచింది. దాని కింద పుట్టీ. పుట్టీలో గడ్డకట్టిన ఖాకీ గుడ్డ, దానికో జేబు, జేబుకి ఎర్ర దారంతో కుట్టిన బొత్తాం. ఇంట్లో ఖాకీ దారం అయిపోతే భార్య కుట్టిన బొత్తాం అది.

పన్నెండేళ్ల కిందట ఇదే కారు వచ్చినప్పుడు, తుప్పు తిన్న రేకు కోసి కొత్తది అతకాలంటే రెండు రోజుల పని. ఆయనకేమో ఆ రోజు బావమరిది పెళ్లికి బస్సు టైమైపోతోంది. చొక్కా జేబు దగ్గర చింపి, ఆ గుడ్డ కన్నంలో కుక్కి, పుట్టీ మెత్తి, రంగు కొట్టి పరిగెత్తాడు. ఆ షెడ్డులో పుట్టీ మాటే ఎత్తకూడదు, అది మోసం కింద లెక్క. ఆయన పెళ్లి నుంచి తిరిగొచ్చాక, షెడ్డు వెనకాల దొరికిన ఖాళీ పుట్టీ డబ్బా పట్టుకుని "ఎవడిదిరా ఇది?" అని మేస్త్రీ గావుకేక పెడితే, ఆయన వెల్డింగు అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేరం కొత్తగా చేరిన తమ్ముడి మీద పడింది. తమ్ముడు జేబు లేని అన్న చొక్కా వంక ఒక్కసారి చూశాడు. చూసి, షెడ్డు వదిలి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ ఊరి చివర కిటికీ ఊచలు అతుక్కుంటూ బతుకుతున్నాడు.

పైన మేస్త్రీ గొంతు వినపడింది. "అన్నదమ్ములిద్దరివీ ఒకే రకం చేతులు టీచరమ్మా, కారు పొరబడుంటుంది. ఆ చిన్నోడి నిర్వాకమే అయ్యుంటుంది."

ఎంత మంచివాడు మేస్త్రీ! ఊఁ అంటే చాలు, పరువూ షెడ్డూ రెండూ దక్కుతాయి. అతుకులాయన ఆ గుడ్డని గుండెల మీద పెట్టుకుని కాసేపు అలాగే పడుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. పాక్కుంటూ బయటికొచ్చి, గుడ్డ చూపించాడు.

"కారు పొరబడలేదు మేస్త్రీ. ఈ జేబు నాది."

మేస్త్రీ కళ్లద్దాలు సర్దుకుని బొత్తాం చూశాడు. "మరి వాడు?"

"వాడికి తెలుసు. చెప్పలేదు."

"వెళ్లి పిలుచుకురా," అన్నాడు మేస్త్రీ.

తమ్ముడి గుమ్మం ముందు నిలబడ్డాడు. గుడ్డ చేతిలో పెట్టి తల వంచుకున్నాడు. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వదిన కుట్టు గట్టిదే," అన్నాడు. చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

తమ్ముడు ఇలా తట్టాడో లేదో కారు దూలం దాకా లేచింది. పనికి అందడానికి బతిమాలి కిందికి దించాల్సొచ్చింది. తమ్ముడు కుళ్లిన రేకంతా కోసేసి చూస్తే, అతుకులాయన దూరంగా గోడకి ఆనుకుని ఉన్నాడు.

"రేకు పట్టుకునేవాడు లేకపోతే నేనెలా అతకను? రా అన్నయ్యా."

పన్నెండేళ్ల తర్వాత ఆ పిలుపు. ఆయన కిందికి దూరాడు. దూరగానే కారు దిగడం మొదలుపెట్టింది. బెత్తెడు, ఇంకో బెత్తెడు. ఆయన కళ్లు మూసుకున్నాడు, పారిపోలేదు.

"ఊరుకోమ్మా," అన్నాడు తమ్ముడు రేకు నిమురుతూ. "మా అన్నయ్యే."

కారు ఆగింది. షెడ్డు ఇప్పుడు తమ్ముడిది. అతుకులాయన రేకులు పట్టుకుంటాడు. టీచరమ్మ కారొచ్చిన రోజు మాత్రం బానెట్ మీద చెయ్యి వెయ్యడు. "లేమ్మా" అనడానికి ఆయనకింకా మొహం చెల్లలేదు.