గ్లాసులో వేడినీళ్ళు

గాజు గ్లాసు మీద ఆవిరి.

ఆవిరి వెనక ఆమె పళ్ళు.

పైవరసలో ముందు మూడు... చిగుళ్ళ జబ్బుకి ఊడిపోతే, గులాబీరంగు ప్లేటు మీద డాక్టరు కట్టించి ఇచ్చిన పెట్టుడు పళ్ళు. పడుకునే ముందు తీసి చన్నీళ్ళలో వేసింది. పొద్దున లేచి చూస్తే నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

ప్లేటు తీసి నోట్లో పెట్టుకుంది. పట్టలేదు. ఒక పక్క చిగుళ్ళలో దిగబడుతుంది — రెండో పక్క లేచిపోతుంది. గట్టిగా నొక్కింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తీసి చేతిలో పట్టుకుంది.

"క్రిములు చస్తాయని మరిగే నీళ్ళు పోశాను," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

క్రిములట.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తాగిన గ్లాసు కడిగిన పాపాన పోలేదు. ఈ రోజే పుట్టుకొచ్చింది ప్రేమ... సరిగ్గా ఈ రోజే.

ఈ రోజు ఆమె గొంతుకి పరీక్ష. బస్టాండులో, మైకు దగ్గర, ఇన్నాళ్ళూ టెంపరరీ ఉద్యోగం. ఇవాళ మేనేజరు పక్కన నిలబడి వింటాడు. నచ్చితే పర్మినెంటు. నచ్చకపోతే ఇంటికి.

ఇంటికి — అదే కదా అతనికి కావలసింది. ఊళ్ళో మగాళ్ళందరూ నా పెళ్ళాం గొంతు వినాలా అని ఎన్నాళ్ళుగా సణుగుతున్నాడని!

వేడి తగిలితే ప్లేటు వంకర పోతుందమ్మా, చన్నీళ్ళే వాడండి అని ఆ రోజు డాక్టరు చెప్తుంటే, పక్కన కూర్చుని తల ఊపిందెవరు? ఇంటికొచ్చాక అదే మాట ఆమెకు పాఠంలా అప్పజెప్పిందెవరు?

ఒళ్ళు మండిపోయింది.

"తెలిసే పోశావు నువ్వు."

పెళ్ళయ్యాక మొదటిసారి నువ్వు అంది. పళ్ళ ఖాళీలోంచి గాలి తుస్సుమంది.

పేపరు కిందికి దిగింది. "నువ్వా? ఎవర్ని పట్టుకుని నువ్వంటున్నావు?"

అదొక్కటే వినబడింది అతనికి.

ప్లేటు మళ్ళీ గ్లాసులో పడేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మైకు గది. చలి. ఎదురుగా పెద్ద అద్దం — అవతల బ్యాగులు, మూటలు, నిద్ర తీరని మొహాలు. మేనేజరు ఆమె నోటి వంక చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకోబోయింది.

పెట్టుకోలేదు.

సిగ్గుపడాల్సినవాడు ఇంట్లో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటున్నాడు.

మైకు నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న బస్సు..."

'సిద్ధం' అన్నచోట పళ్ళ సందులోంచి ఈల. 'బస్సు' అన్నచోట ఈల. బస్టాండంతా ఈల. అద్దం అవతల ఎవడో పగలబడి నవ్వాడు.

మళ్ళీ చెప్పింది. మెల్లగా... నాలుకని చిగుళ్ళకి ఆనించి, కోపాన్నంతా నాలుకకి ఆనించి. ఈల పోలేదు. మాటా ఆగలేదు. అవతల జనం మూటలెత్తుకుని ఆమె చెప్పిన బస్సు వైపే నడిచారు.

మేనేజరు మొహంలో ఏమీ లేదు. తర్వాతి బస్సు చెప్పమన్నాడు. అంతే.

ఆమె ముందుకి వంగింది. అడ్డుకునే పళ్ళు లేక, ఊపిరి తిన్నగా వెళ్ళి తగిలింది.

అద్దం మీద ఆవిరి.

తుడవలేదు.