బియ్యంలో రాసిన ఇంటిపేరు

నాగమల్లేశ్వరి మనవరాలిని అడిగింది ఒక్కటే. పుట్టబోయే బిడ్డకు తన పుట్టింటి ఇంటిపేరును పేరుగా పెట్టమని. పెళ్లితో తనకు ఆ ఇంటిపేరు పోయింది. పిల్లాపాపా లేని తమ్ముడు విశ్వనాథంతో ఆ ఇల్లే పోయింది. ఇక మిరియాలవాళ్లని చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన మహతికి ఆ పేరు వినగానే నచ్చేసింది.

"మిరియాల! సో ప్రెటీ అమ్మమ్మా. మా ఆఫీసులో కూడా సర్‌నేమ్‌లే పిల్లలకి పెట్టుకుంటున్నారు. అసలు ఎక్కడిదీ పేరు?"

"మా తాతల నాటి ఒకాయన కోరంగి రేవులో దిగిన మిరియాలు కావిట్లో పెట్టుకుని ఊరూరా అమ్మేవాడట. ఆయన వీధి మలుపు తిరక్కముందే ఘాటు తెలిసేదట. ఆ ఓడలు మీ దేశం వైపు నుంచే వచ్చేవని మా నాన్న అనేవాడు."

"అయితే సరుకు రిటర్న్ వచ్చేసింది లా!" అంది మహతి సింగపూర్ యాసలో, పొట్ట నిమురుకుంటూ.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున టోవా పాయో పేటలోని మహతి వాళ్ల ఫ్లాట్‌లో బారసాల. మహతి భర్త ఆకాష్ తల్లి వసుంధర అదే ఊళ్లోని బెడోక్ నుంచి పొద్దున్నే వచ్చింది.

"అత్తయ్యగారూ, ఇంటిపేరు పిల్లకి పేరెలా అవుతుందండీ? రేపు దీనికి చెల్లెలు పుడితే ధనియాల అని పెడతారా?" అని నాగమల్లేశ్వరిని ఆటపట్టించింది.

అందరూ నవ్వారు. నాగమల్లేశ్వరి కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది.

ఆకాష్ పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో ఒక్కో అక్షరమే రాశాడు. మిరియాల.

నాగమల్లేశ్వరి నవ్వు ఆగిపోయింది. ఆ అక్షరాలను చివరిసారి చూసింది ఈ హాల్లోనే, ఫోన్‌లో. కరోనాతో విమానాలు ఆగిపోయిన ఆ ఏడు తమ్ముడి ముఖం ఎవరూ చూపించలేదు. తెల్లటి సంచీ మీద అంటించిన కాగితం చూపించారు. దాని మీద లావాటి అక్షరాలతో 'మిరియాల విశ్వనాథం' అని ఉంది.

మహతి ఒళ్లో పసిగుడ్డు తెల్లటి పొత్తిళ్లలో కదలకుండా నిద్రపోతోంది.

నాగమల్లేశ్వరి చెయ్యి చాచి బియ్యం చెరిపేసింది.

"అమ్మమ్మా! ఏం చేస్తున్నావ్?"

"వద్దమ్మా. ఆ పేరున్నవాళ్లు నాకు ఒక్కరూ దక్కలేదు. దీనికొద్దు."

"నువ్వే కదా అడిగావ్! కడుపులో ఉన్నప్పట్నుంచీ దాన్ని అలాగే పిలుస్తున్నాను, తెలుసా?" అంది మహతి.

"పెద్దావిడ వద్దన్నాక ఇంకేం పెడతాంరా? రుచిత అని రాయి," అంది వసుంధర కొడుకుతో.

ఆకాష్ భార్య వైపు చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది. అతను ఆ బియ్యంలోనే రుచిత అని రాశాడు.

భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. మహతి బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

నాగమల్లేశ్వరి ఉయ్యాల పక్కన కూలబడింది. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది. చెయ్యి తీసేసింది. కాసేపు గోడ వైపు చూసింది. మళ్లీ వేలు పెట్టింది.