కొర్లమ్మ నిద్ర

శుక్రవారంలోగా చెయ్యవలసిన పనులు ఇలా రాసుకున్నాను. దుర్గ క్లాసు టీచరుకి సెలవు చీటీ. ఆధార్ జిరాక్సులు రెండు. నాయనమ్మ కళ్ళజోడుకి ఊడిన మర బిగించడం. మా ఇంట్లో ఎవరెవరికి కంటి బాధ ఉందో కనుక్కుని రాయడం. అన్నయ్యను ఆసుపత్రికి రావడానికి ఒప్పించడం.

మొదటి మూడూ ఒక్కపూటలో అయిపోయాయి.

దుర్గాలక్ష్మి మా అన్నయ్య పరదేశి కూతురు. రెండో తరగతి. నెలలో నాలుగైదు రోజులు నిద్ర లేస్తూనే కళ్ళు గట్టిగా మూసుకుని "ఇసక, ఇసక" అని ఏడుస్తుంది. మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. సాయంత్రం తొక్కుడుబిళ్ళ ఆడుతుంది. ఆ తొక్కుడుబిళ్ళే దాని కొంప ముంచింది. అనకాపల్లిలో కంటి డాక్టరుగారు చూసి, "ఇది మీ ఇంట్లోంచే వచ్చినట్టుంది. పెద్దవాళ్ళ కళ్ళ సంగతి రాసుకుని శుక్రవారం మళ్ళీ రండి" అన్నారు. పొద్దున ఏడ్చి సాయంత్రం గెంతేదానికి జబ్బేమిటని అన్నయ్య నమ్మలేదు.

"అది కొర్లమ్మ నిద్దర! బడెగ్గొట్టడానికి యేసాలు. ఈపాలి డాక్టరమ్మ గట్టిగా ఏటీ సెప్పకపోతే, ఏడిసినా సరే బడికి ఈడ్సుకెల్లిపోతాను."

కొర్లమ్మ నిద్ర అనేది మా ఇంటి తిట్టు. ఆలస్యంగా లేచిన ప్రతివాళ్ళకీ పడుతుంది. డిగ్రీ పరీక్షలప్పుడు నాకూ పడింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే అయినా, ఆ కొర్లమ్మ ఎవరో ఎప్పుడూ అడగలేదు.

కాగితం పట్టుకుని నాయనమ్మ బుల్లమ్మ దగ్గర కూర్చున్నాను.

"తాతకి కళ్ళెలా ఉండేవే?"

"మందారాల్లాగుండీవి. ముప్పై ఏల్లు బెల్లం పొయ్యి ముందర కూకున్నాడు గదేటే. పొగ."

"నాన్నకి?"

"పొగ."

టీవీ ముందునుంచి అన్నయ్య అందుకున్నాడు. "నాకూ రాసుకో, పొగే. పొద్దున్నే మండుతాయి. కడుక్కుని పనికెల్లిపోతాను. మీలాగ మంచమెక్కుతానేటి?"

నా కాగితం నిండా పొగే.

"పొయ్యి దగ్గరికి వెళ్ళనివాళ్ళలో ఎవరికైనా ఉండేదా, నాయనమ్మా?"

నాయనమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కొర్లమ్మకుండీది," అంది. "మీ తాత సెల్లెలు. దానికి గేదెల పనే గాని పొయ్యి పనెక్కడిది? తెల్లారి లేసీది కాదు. కల్లు తెరిత్తే ముల్లు గుచ్చుకున్నట్టుందొదినా, అనీది. పాలు పితకలేక నాటకాలాడతందని కొర్లమ్మ నిద్దరని ఆ పేరు నానే ఎట్టేను. పెల్లయి నక్కపల్లి అత్తోరింటికెల్తే, ఆ పేరు దానికన్నా ముందే బస్సెక్కెల్లిపోయింది."

"ఆవిడ ఇంటిపేరు మారిపోనాది గదా! మనోల్లలో రాయకు," అన్నాడు అన్నయ్య.

"ఇంటిపేరు మారితే కల్లు ఇక్కడొదిలేసి ఎల్తాదేట్రా, ఎర్రోడా!" అంది నాయనమ్మ. "రాయే, బిందూ. అందరికన్నా పైన రాయి. రేపు ఈడు కూడా ఆసుపత్రికి వత్తాడు. ఎలా రాడో నాను సూత్తాను."

అలా ఐదో పని కూడా అయింది.

డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివి, దుర్గతోపాటు అన్నయ్యనూ యంత్రం ముందు కూర్చోబెట్టారు. ఆ తర్వాత నన్నూ చూశారు.

"నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పొర ఉంటుంది. కార్నియా అంటాం. మీవాళ్ళకి దాని పైపొర గోడకి సరిగా పట్టని సున్నంలాంటిది. నిద్రలో రెప్పకి అతుక్కుని, కళ్ళు తెరవగానే పెచ్చు లేస్తుంది. అందుకే పొద్దున్నే నొప్పి. కాస్త మానగానే ఆటలు. ఇది పొగ వల్ల వచ్చింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. తల్లికో తండ్రికో ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఆడపిల్లయినా, మగపిల్లాడయినా."

చుక్కలు, పడుకునేముందు పెట్టుకునే మందు రాశారు. మునుముందు చూపు మసకబారితే దానికీ వైద్యం ఉందన్నారు.

"అయితే యేసాలు కాదన్నమాట," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా.

దుర్గ తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నీకూ ఉంది గదా. నువ్వూ బడెగ్గొట్టేవా?"

డాక్టరుగారితో సహా అందరం నవ్వాం. నాకు ఈ జబ్బు లేదట. అంటే పరీక్షలప్పటి నా నిద్ర శుద్ధ బద్ధకమే.

ఇప్పుడు తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే ట్యూబులోంచి మందు పెట్టుకుని, ఎవరు ముందు రెప్ప ఆర్పుతారో పందెం వేసుకుంటారు. నొప్పి వచ్చిన రోజు టీచరుకి ఫోను చేసేది అన్నయ్యే. పొద్దున్నే నాయనమ్మ దుర్గ మంచం పక్కన కూర్చుని, "తొందర్లేదమ్మా, మెల్లగా తెరు" అంటుంది. ఆ మాట దుర్గకొక్కదానికే చెబుతున్నట్టు ఉండదు.

కొర్లమ్మ పోయి పదహారేళ్ళయింది. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. మీ ఇంట్లో ఎవరైనా పొద్దున్నే కళ్ళు తెరవలేక పడుకుని ఉంటే, దుప్పటి లాగేముందు మా కొర్లమ్మని ఒక్కసారి తలుచుకోండి.