ఉప్పు లేని పాస్తా

అరసవల్లిలో సూర్యనారాయణస్వామి గుడికెళ్ళే రోడ్డు వైపున్న ముందుగదిని సెల్‌ఫోన్లు బాగుచేసే గంగులు అద్దెకు అడిగాడు. సోమవారం మాట చెప్తానంది లక్ష్మీనరసమ్మ. ఆ గదిలో పాస్తా కొట్టు పెట్టాలని ఆమె కోడలు సుహాసిని ఏడాదిగా అడుగుతోంది.

"అదేటో నేను తినకుండా గదెలా ఇస్తానే?" అంది అత్త.

కొడుకు మోహనకృష్ణకు సెలవు ఆదివారమే. ఆదివారం లక్ష్మీనరసమ్మ ఉప్పు ముట్టదు. సూర్యనారాయణస్వామి మొక్కు, పెళ్ళి భోజనాల్లో కూడా తప్పలేదు. అయినా పాస్తా రుచి చూడ్డానికి ముగ్గురూ ఆటోలో శ్రీకాకుళం బజారుకు వెళ్ళారు.

మొదటి కొట్టులో ఏసీ, అద్దాల గోడలు. ఉప్పు వెయ్యొద్దని సుహాసిని చెప్తే వెయిటరు తలూపాడు. ప్లేటు వచ్చాక ముందు తనే రుచి చూసింది. ఉప్పగా ఉంది.

"మేం వెయ్యలేదు మేడం. సాస్‌లో ఉన్నదే. డబ్బాల్లో వస్తాది, దాన్నేటి చేస్తాం?"

లక్ష్మీనరసమ్మ ప్లేటును కొడుకు వైపు జరిపింది. "నువ్వు తినరా. నీకేటి మొక్కు?"

మోహనకృష్ణ తిని బాగుందన్నాడు. సుహాసినికీ నచ్చింది. ఆమె కొందామనుకున్నవీ అలాంటి డబ్బాలే.

రెండోది కాలేజీ వైపు, నాలుగు బల్లల కొట్టు. గ్లోరీ వడ్డిస్తుంది, ఆమె భర్త డేవిడ్‌రాజు వండుతాడు. సంగతి విని అతను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"మామ్మగారూ, ఉడకబెట్టే నీళ్ళలోనే ఉప్పేస్తాం. వేరే గిన్నె పెట్టాలి. చీజ్‌లోనూ ఉంటాది, అదీ మానేస్తాను. ఆగుతారా?"

"ఆగకేటి? ఇంటికాడ పాలు పితకాలా?"

లోపల టమాటాలు తరుగుతున్న చప్పుడు వినిపించింది. ప్లేటులో ఎర్రటి గొట్టాలు వచ్చాయి, పైన మిరియాల పొడి. లక్ష్మీనరసమ్మ ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తింది. ఏమీ మిగల్చలేదు.

"ఎలాగుందత్తా?"

"సప్పగా ఉన్నాది."

"ఉప్పు లేదు కదా మరి."

"ఆ మాత్రం నాకు తెలీదేటే? ఆదివారం గుడికొచ్చినోళ్ళలో నాలాటోళ్ళు ఎంతమందో సూడు. ఆళ్ళు అడిగితే ఇతగాడిలా వేరే గిన్నె పెడతావా, ఆ అద్దాల కొట్టోడిలా డబ్బా సూపిస్తావా?"

మోహనకృష్ణ ఫోను తీసి చూసుకోసాగాడు.

"డబ్బాలే కొందామనుకున్నానత్తా," అంది సుహాసిని. "రోజూ టమాటాలు ఉడకబెట్టి, తొక్క తీసి, గుజ్జు చెయ్యడమంటే నా ఒక్కదాని వల్ల కాదు."

"ఒక్కదానివెందుకే? నా చేతులు పడిపోయాయేటి? తొక్క నేను తీస్తాను. ఆదివారం ఉప్పు సూడమని మాత్రం నన్నడక్కు."

గ్లోరీ బిల్లు తెచ్చింది. సుహాసిని ఆమెను టమాటాలు ఎక్కడ కొంటారని అడిగింది.

తిరుగు ఆటోలో మోహనకృష్ణ, "ముందుగదిలో బియ్యం బస్తాలున్నాయి కదమ్మా, ఎక్కడ పెడదాం?" అన్నాడు.

"నీ మంచం కింద," అంది లక్ష్మీనరసమ్మ.