నెల ముందు కుట్టే మిషను

పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని నానమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ఆ మిషను ఎవరి బట్టలైనా నెల తర్వాత వాళ్లకు సరిపోయే కొలతకే కుడుతుంది. చుడీదారు నడుము వదులుగా వచ్చిందని చూసుకుని, తాము కడుపుతో ఉన్నామని తెలుసుకున్న ఆడవాళ్లు ఆ వీధిలో నలుగురున్నారు. దానికెవరూ ఆశ్చర్యపోరు.

నానమ్మకి అర్థం కానిదల్లా పదకొండేళ్ల మనవరాలి గౌనే. కుట్టిన ప్రతిసారీ ముందుదానికన్నా బిగుతుగా వస్తోంది.

"దీని స్క్రూలు నువ్వేనా తిప్పింది?" కోడల్ని నిలదీసింది.

"నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదత్తయ్యా!"

నానమ్మ నమ్మలేదు. ఈలోగా ఆవిడ అనుమానం పిల్లమీదికి మళ్లింది. చెంబులకొద్దీ నీళ్లు తాగుతోంది, గంటకోసారి బాత్‌రూమ్‌కి పరిగెడుతోంది. తనకి షుగరు మొదలైనప్పుడూ ఇంతే. అంటే ఇది దొంగచాటుగా తీపి మేస్తోందన్నమాట!

స్కూలు సంచి దులిపింది. దిండు కింద తడిమింది. నోరు వాసన చూస్తే మగ్గిన పండు వాసన.

"ఎక్కడ దాచావే, మాయలమారీ?"

"ఏం తినలేదు నానమ్మా! నా నోట్లో కూడా సోదా చేస్తావా?"

దొంగసొత్తు దొరక్కపోయినా శిక్ష వేసేసింది. షుగరు ఎవరికైనా షుగరేగా అనుకుని, తన మాత్ర సగం విరిచి మూడు రోజులు మింగించింది. నాలుగో రోజు పిల్ల వాంతులు చేసుకుని మంచం దిగలేదు.

"అంతా నాటకం" అనుకుంటూ పిల్ల కొత్త గౌను మిషను మీద పెట్టింది. చక్రం తిరిగింది, సూది ఆడింది, గుడ్డమీద ఒక్క కుట్టూ పడలేదు. సూది మార్చింది, దారం మార్చింది. కోడలి జాకెట్టు పెడితే చకచకా కుట్టేసింది. మళ్లీ పిల్లది పెట్టింది. కుట్టు లేదు.

నెల తర్వాత ఆ గౌను తొడుక్కునే మనిషి ఉండదు.

ఇంటిల్లిపాదినీ అనుమానించిన నానమ్మ మిషనుని మాత్రం అనుమానించలేదు. "బండి పిలవవే!" అని కోడలికి కేకేసింది.

ఆస్పత్రిలో పిల్లకి సెలైన్ ఎక్కాక నర్సు మెల్లగా చెప్పింది. "పెద్దమ్మా, మీ ఒంట్లో ఇన్సులిన్ ఉంది, ఒళ్లే దాని మాట సరిగ్గా వినదు. అందుకే మీకు మాత్రలు. అది రెండో రకం. పిల్లది మొదటి రకం. ఇన్సులిన్ తయారుచేసే కణాలను తన ఒళ్లే పాడుచేసుకుంది, అందుకే ఇలా చిక్కిపోతూ వచ్చింది. మాత్రలు చాలవు, రోజూ ఇన్సులిన్ గుచ్చుకోవాల్సిందే. తీపి తినడంవల్ల వచ్చింది కాదిది."

"ఎదురింటామెకి కడుపుతో ఉన్నప్పుడొచ్చి, కాన్పయ్యాక పోయిందే?"

"అది ఇంకో రకం. ఇది పోదు. ఇంకో పూట ఆగుంటే పిల్లే పోయేది."

మూడో రోజుకి పిల్ల లేచి కూర్చుంది. నర్సు నేర్పినట్టే నానమ్మ ఇన్సులిన్ గుచ్చే పెన్ను పట్టుకుని పిల్ల దగ్గరికొచ్చింది.

"ఇప్పుడైనా నమ్ముతావా, నేనేం తినలేదని?"

"నమ్ముతానే తల్లీ." ఆవిడ నోట ఆ మాట ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

పిల్ల ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. ఆవిడ చేతిలోని పెన్ను లాక్కుని, దానిమీది మందు పేరు తనే రెండుసార్లు చదువుకుని, తిరిగిచ్చి, అప్పుడు పొట్టమీంచి చొక్కా పైకెత్తింది.