ఇస్త్రీ అక్క ఊరు ఎంచుకున్న వారం

సోమవారం పొద్దున మేనేజరు ఇస్త్రీ గదిలోకి దిగి వచ్చేసరికి, ఏదో కొంప మునిగిందనే అందరూ అనుకున్నారు. ఆ మెట్లు ఆయన దిగేది ఏడాదికి ఒకసారి, అదీ పైపు పగిలినప్పుడు. ఈసారి చేతిలో ఒక కాగితం ఉంది. ఆవిరి తగలని చోటు చూసి దాన్ని బల్ల మీద పెట్టి, ఇస్త్రీ అక్క వైపు తిరిగాడు.

"కంపెనీ మూడు కొత్త హోటళ్లు తెరుస్తోందమ్మా. లిస్బన్, ఒసాకా, మాంట్రియల్. లాండ్రీ చూసుకోవడానికి అనుభవం ఉన్న మనిషి కావాలన్నారు, మీ పేరు పంపాను. మూడింట్లో ఏ ఊరు కావాలో మీరే ఎంచుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు టిక్కు పెట్టి ఇవ్వాలి. లేదంటే ఈ అవకాశం ఇంకో హోటల్ వాళ్లకి పోతుంది."

ఇస్త్రీ అక్కకి నలభై ఒకటి. ఆ హోటల్ నేలమాళిగలో ఇరవై ఒక్క ఏళ్లుగా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ల చొక్కాలు చదును చేస్తోంది. తాను మాత్రం పొరుగూరి బస్సు దాటి ఎరగదు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "రోజుకి రెండొందల చొక్కాలు చూస్తున్నాను, ఇంటికెళ్లి ఇంకోటి కూడానా?" అని నోరు మూయించేది. తల్లి పోయిన నాటి నుంచి పిన్ని దగ్గరే పెరిగింది. ఇప్పటికీ ఇద్దరూ హోటల్‌కి రెండు వీధుల అవతల, రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు.

కాగితంలో ఊళ్ల పేర్ల కింద ఇంకో గడి ఉంది. తోడుగా వచ్చే కుటుంబ సభ్యులు, ఒకరు. అక్క మేనేజరు పెన్ను అందుకుని అక్కడికక్కడే ఆ గడికి అడ్డంగా గీత కొట్టేసింది. మూరెడు దూరంలోని సంత దాకా వెళ్లమంటేనే మోకాళ్ల పేరు చెప్పే మనిషి పిన్ని. ఆవిడేం వస్తుంది! ఆ గడితో పని అయిపోయింది. మిగిలిన మూడు గడులే ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు.

ఏదైనా తెలుసుకోకపోతే అన్నం సహించని తత్వం ఆమెది. అడగందే అమ్మయినా పెట్టదన్నారు కదా అని, మంగళవారం నుంచి కనబడినవాళ్లనల్లా పట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"మాస్టారూ, మీకయితే ఏ ఊళ్లో ఉండాలనుంది?"

వంట మాస్టరు గరిటె తిప్పడం ఆపలేదు. "ఉప్పు తక్కువైందని ప్లేటు వెనక్కి పంపని ఊరు ఏదైనా ఉంటే చెప్పు, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్తాను."

లిఫ్ట్ బాబాయ్ మాత్రం మూడో అంతస్తు నుంచి ఆరో అంతస్తు దాకా ఆలోచించాడు. "ముప్పై ఏళ్లు పైకీ కిందికీ తిరిగానమ్మా, పక్కకి కదిలిందే లేదు. మేడలూ గుట్టలూ లేకుండా, నేలంతా బల్లపరుపుగా ఉండే ఊరు చాలు నాకు. ఎటు చూస్తే అటు నడుచుకుంటూ పోతాను."

రిసెప్షన్ పిల్ల ఫోను చెవికి ఆనించుకునే గుసగుసగా చెప్పింది. "రోజంతా నవ్వక్కర్లేని ఊరు అక్కా."

అక్కకి చిరాకేసింది. ఊరు అడిగితే ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటున్నారు. లిస్బన్ ఎలా ఉంటుంది, ఒసాకా ఎలా ఉంటుంది అన్న ముక్క ఒక్కరి నోటా రాలేదు. ఇలా కాదని, తనకి తెలిసిన దారే పట్టింది. మనుషులు అబద్ధం చెబుతారు గానీ మాసిన బట్ట చెప్పదు. కాలరు చూస్తే మనిషి కోపం తెలుస్తుంది, జేబు చూస్తే తొందర తెలుస్తుంది. పది మంది బట్టలు చూస్తే ఒక ఊరు తెలియదా?

రెండొందల గదుల హోటలు అది. ఏ వారం చూసినా ఆ మూడు ఊళ్ల వాళ్లూ ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. బట్టల సంచికి కట్టిన చీటీ మీద గది నంబరు ఉంటుంది. నంబరు చెబితే రిసెప్షన్ పిల్ల ఊరు చెప్పేది.

బుధవారం ఒసాకా సంచి విప్పింది. విప్పి కాసేపు అలాగే నిలబడిపోయింది. ఉతకడానికి వేసిన చొక్కాలు, మాసినవి, అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. మేజోళ్లు కూడా జతకి జత చుట్టి ఉన్నాయి. "మాసినవాటినే ఇంత పొందికగా పెట్టేవాళ్ల ఊళ్లో ఇక నేను చేసేదేముంది?" అనుకుని కొంచెం నొచ్చుకుంది కూడా. మధ్యాహ్నం మాంట్రియల్ సంచి వచ్చింది. పట్టుకుంటే చేతులు దిగిపోయే ఉన్ని కోటు, మోచేతుల దగ్గర తోలు అతుకులు, జేబులో ఒంటరిగా ఒకే ఒక చేతి తొడుగు. రెండోది ఎక్కడో మంచులో జారిపోయి ఉంటుంది. ఆ బరువు చూస్తేనే అక్క భుజాలు వణికాయి. చలంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ పడదు.

గురువారం పొద్దున నాలుగొందల ఏడో గది సంచిలో ముదురు ఆకుపచ్చ లినెన్ నార చొక్కా ఒకటి వచ్చింది. గదిలో ఉన్నది లిస్బన్ నుంచి రెండేళ్లకోసారి వచ్చే పెద్దాయన అంది రిసెప్షన్ పిల్ల. ముదురు రంగు నారని పైవైపు నుంచి ఇస్త్రీ చేస్తే మెరుపు మరక పడుతుంది. అందుకని అక్క దాన్ని తిరగేసింది. తిరగేసి, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది.

భుజం కింద ఎప్పుడో బెత్తెడు చిరిగింది. చిరుగు ఉన్నచోట కుట్టు లేదు, నేత ఉంది. చొక్కా అంచు లోపలి నుంచే పోగులు లాగి, నిలువు పోగు కిందా మీదా అడ్డ పోగు దూర్చి, ఎవరో ఆ బెత్తెడు గుడ్డనీ మళ్లీ నేశారు. పైవైపు చూస్తే ఏమీ తెలియడం లేదు. లోపల వేలితో తడిమితేనే చేతికి తగులుతోంది. చొక్కా అంతా వెలిసిపోయింది గానీ ఆ నేత మాత్రం చెక్కుచెదరలేదు.

అక్క ఆ నేతని మళ్లీ తడిమింది. ఒక పాత చొక్కా కోసం ఇంత ఓపిక పట్టే చేతులున్న ఊరు! పారేసి కొత్తది కొనుక్కోమని ఎవరూ అనని ఊరు. ఇంతకన్నా ఇంకేం కావాలి? లిస్బన్ గడిలో టిక్కు పెట్టడానికి పెన్ను తీసింది కూడా. కానీ ఇంత గొప్ప పని చూసి ఎవరికీ చూపించకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. చూపిస్తే అర్థమయ్యే మనిషి ఊరంతటికీ ఒక్కతే ఉంది.

పిన్ని ఇరవై రెండేళ్లు అదే హోటల్‌లో కుట్టు గదిలో పనిచేసింది. కుట్టు గది ఐదో అంతస్తులో, వెలుతురు బాగా వచ్చే చోట ఉండేది. చిరిగిన బట్టని ముందు ఇస్త్రీ చేసి పైకి పంపడం అక్కడి పద్ధతి. ముడత ఉంటే చిరుగు సరిగా కలవదు. పైన బాగైన బట్ట అటునుంచి అటే అతిథి గదికి పోయేది. అలా పదమూడేళ్లు ఇద్దరూ ఒకే కప్పు కింద పనిచేశారు. చిరుగులు పైకి పోవడమే అక్కకి తెలుసు, అవి ఏమై దిగాయో ఎన్నడూ చూడలేదు. ఇంట్లోనైనా చూద్దామంటే పిన్ని సూది ముట్టేది కాదు. "జీతం తీసుకుని కుట్టింది చాలు" అనేది. వాళ్ల కిటికీ తెర ఆరేళ్లుగా చిరిగే ఉంది. చూపు తగ్గి పిన్ని మానేశాక ఎనిమిదేళ్ల కిందట ఆ గదే మూసేశారు.

అతిథుల బట్టలు హోటల్ గడప దాటకూడదు. అక్క భోజనం వేళకి చొక్కాని కాగితంలో చుట్టి, చంకలో పెట్టుకుని గడప దాటింది.

"పిన్నీ, చేతులు తుడుచుకుని ఇలా రా. లిస్బన్‌లో ఎలాంటి పనివాళ్లున్నారో చూద్దువుగాని."

"దూరపు కొండలు నునుపు" అంటూ వచ్చింది పిన్ని.

"నునుపు సంగతి ఇస్త్రీ చేసేదానికి చెప్పకు. ముందు చూడు."

పిన్ని కళ్లజోడు పెట్టుకుని చొక్కా తిరగేసింది. భుజం కింద వేలు పెట్టి నెమ్మదిగా తడిమింది. మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత చొక్కా కింది అంచు మడత విప్పి కిటికీ దగ్గర పట్టుకుంది. మడత లోపల, ఎవరికీ కనబడని చోట, ఆవగింజంత నీలం కుట్టు ఒకటి ఉంది.

"పోగులు లాగిన చోట అంచు మూసేటప్పుడు చివర్న ఒక్క నీలం కుట్టు వేసేదాన్ని" అంది పిన్ని. "నా పని ఎప్పుడైనా తిరిగొస్తే గుర్తుపట్టాలని. ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు. ఇదే మొదటిది."

అక్క కుర్చీలో కూలబడింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు. నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఏదో అన్యాయం జరిగినట్టు కోపం కూడా వచ్చింది.

"ఇంత పని చేసేదానివి, ఒక్కసారైనా చెప్పలేదేం పిన్నీ?"

"నువ్వు అడిగితేగా." పిన్ని చొక్కా మడతపెడుతూ, తల ఎత్తకుండానే అంది. "వంట మాస్టర్ని అడిగావట. లిఫ్ట్ ఆయన్ని అడిగావట. ఆ రిసెప్షన్ పిల్ల, నిన్న మొన్న చేరింది, దాన్నీ అడిగావు. కూరల దుకాణంలో కలిసి ఆ పిల్లే చెప్పింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నన్ను తప్ప అందరినీ అడిగావు."

"నువ్వెలాగూ రావు కదా అని..."

"అని నేను చెప్పానా?"

పిన్ని చొక్కాని మళ్లీ కాగితంలో చుట్టింది.

"సోమవారం కాగితం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లావు చూడు, అప్పుడే చూశాను ఆ గీత" అంది పిన్ని. "గట్టిగా కొట్టావు. వెనకవైపుకి కూడా అచ్చు పడింది."

సోమవారం నుంచి గురువారం దాకా ఈవిడ అదే ఇంట్లో తనకి నీళ్లు కాచింది, అన్నం పెట్టింది, ఏ ఊరు ఎంచుకున్నావని తనంతట తాను ఒక్క మాట అడగలేదు. అది పట్టించుకోకపోవడం అనుకుంది అక్క. ఎంత తప్పు చేసిందో ఇప్పుడు తెలిసి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, తెలుసుకోకుండా ఉండలేని ఆ పాత బుద్ధితో అడిగేసింది.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. నీకయితే ఏ ఊళ్లో ఉండాలనుంది?"

జవాబు కోసం పిన్ని వెతుక్కోలేదు. ఎన్నేళ్ల నుంచి నోట్లో పెట్టుకుని ఉందో!

"మాంట్రియల్."

"లిస్బన్ కాదా? నీ చొక్కా ఉన్న ఊరు!"

"నా చొక్కా ఏమిటే, ఆయన చొక్కా. ఆ ఊళ్లో బాగుచేసే దిక్కుంటే ఆయన ఇక్కడెందుకు కుట్టించుకుంటాడు?" పిన్ని కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుంది. "అక్కడి నుంచి ఉన్ని కోట్లు వచ్చేవి. స్వెట్టర్లు, మెడకి చుట్టుకునేవి, చెవులు మూసే టోపీలు. ఇరవై రెండేళ్లలో ఎన్ని బాగుచేశానో లెక్కలేదు. మన ఊళ్లో ఉక్కకి చెమటలు కారుతుంటే ఒళ్లో ఆ కోటు వేసుకుని కూర్చునేదాన్ని. ఒక్కటీ తొడుక్కోలేదు. ఇంత మందం బట్ట కావాలంటే ఆ చలి ఎలా ఉంటుందే? పొద్దున తలుపు తీయగానే ముందు ముక్కుకి తగులుతుందా, వేళ్లకి తగులుతుందా? అది ఒక్కసారి చూడాలని ఉంది."

"మరి మోకాళ్లు?"

"సంతకి వెళ్లమంటే నొప్పులు. సంతలో చూసేదేముంది!"

అక్కకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇస్త్రీ గదిలో ఇరవై ఒక్క ఏళ్లుగా ఏ బట్ట ఎవరిదో, ఎవరెలాంటివారో ఇట్టే చెప్పే మనిషి తను. ఇంట్లో మనిషిని మాత్రం పైవైపు నుంచే చూసింది.

ఆ మధ్యాహ్నమే ఆకుపచ్చ చొక్కా మళ్లీ గడప దాటి లోపలికి వచ్చింది. అక్క దాన్ని లోపలివైపు నుంచి, నేత ఉన్నచోట వేడి తగ్గించి, ఎన్నడూ లేనంత నిదానంగా ఇస్త్రీ చేసి నాలుగొందల ఏడుకి పంపింది. నీలం కుట్టు ఉన్న అంచుని మాత్రం మళ్లీ ఒకసారి విప్పి చూసుకుని మూసింది.

శుక్రవారం ఐదు కావడానికి పది నిమిషాల ముందు, తడి చేతులు తుడుచుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. కొత్త కాగితం అడిగితే ఇంకోటి లేదన్నాడాయన. అందుకని ఉన్న కాగితంలోనే రాసి బల్ల మీద పెట్టింది. మాంట్రియల్ గడిలో టిక్కు ఉంది. కింద, కొట్టేసిన గీత మీదుగా, పోగులు ఎక్కించినంత ఓపిగ్గా చిన్న అక్షరాలతో "మా పిన్ని" అని రాసి ఉంది.

మేనేజరు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది మీరే కొట్టేశారు కదమ్మా?"

"అవును సార్. అడగకుండా కొట్టేశాను. అడిగి రాశాను."

"మాంట్రియల్ బాగా చలి ఊరమ్మా. మీరు ఆలోచించుకున్నారా?"

"నాకు చలంటే భయం సార్" అంది అక్క ఉన్నదున్నట్టు.

ఆయన పెన్ను ఎత్తి పట్టుకుని, పద్ధతి ప్రకారం అడగాల్సిన ఆఖరి ప్రశ్న అడిగాడు. "తోడు వచ్చేవారికి అక్కడ పనేమిటని రాయమంటారు?"

"పనేం లేదు సార్" అంది అక్క. "కోటు తొడుక్కుంటుంది."